కాత్యాయని వాటా

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే సికింద్రాబాద్‌లో ఏ ఫంక్షన్ హాలు ముందు నుంచి నడిచినా మైకులో ఒక మాట వినబడుతుంది: 'నాతిచరామి'. అతిక్రమించను అని దాని అర్థం. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను దాటి నడవకూడదని అడిగితే, నడవనని వరుడు ఇచ్చే మాట అది. పురోహితులు ఈ మధ్య దాన్ని తెలుగులో విడమరిచి మరీ చెప్తున్నారు. మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులు కొందరు కూడా భర్తలను కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు "పెళ్లినాడు ఏమని ప్రమాణం చేశావో గుర్తుందా?" అని అడుగుతున్నారు. ఒక్క దెబ్బ తగ్గినా మేలే అనుకునే చోట అలా అడగడాన్ని నేను తప్పుపట్టలేను. కాని ఆ ప్రమాణం ఎవరు ఎవరికి చేస్తున్నారో మనమైనా చూడాలి కదా. అడిగేది పెళ్లికూతురు కాదు, కన్యాదాత. జవాబు కూడా ఆయనకే. ఆమె గురించి ఇద్దరు మగవాళ్లు కుదుర్చుకునే ఒప్పందంలో ఆమె నోరు విప్పే అవసరమే రాదు.

ఇంకొక సంగతి. ఆ పాత ప్రమాణంలో ఉన్నవి మూడే. నాలుగోదైన మోక్షాన్ని ఈమధ్య చాలామంది కలిపి చెప్తున్నారు, వినడానికి నిండుగా ఉంటుందని కాబోలు. పాతవాళ్లు కలపకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మోక్షం కోసం బయలుదేరే మగవాడు మొదట వదిలేది భార్యనే. ఆ విషయంలో ఆమెను దాటి వెళ్లనని ఎలా మాటిస్తాడు?

పురుషార్థాల గురించి ఇప్పుడు ఎందుకు రాయాల్సి వస్తోందంటే, ఆ మాటలు మన పనిలోకి నడిచి వస్తున్నాయి. విలువల బోధన పేరుతో బడుల్లో, వ్యక్తిత్వ వికాసం పేరుతో ఆఫీసుల్లో, కుటుంబ సలహా పేరుతో టీవీలో ధర్మార్థకామమోక్షాలు సమతుల్య జీవితానికి సూత్రమని చెప్తున్నారు. సంపాదించు, అనుభవించు, హద్దులో ఉండు, చివరికి అన్నిటినీ వదులు. వినడానికి బాగానే ఉంది. 'పురుష' అంటే మగవాడని కాదు, మనిషి అని పండితులు మనకు గుర్తుచేస్తారు. వ్యుత్పత్తి ప్రకారం వాళ్లన్నది నిజమే. ఐతే ఈ నాలుగింటినీ ఎవరెవరికి ఎలా పంచారో చూడకుండా వ్యుత్పత్తితో సరిపెట్టుకోవడం కుదరదు.

మనువు స్త్రీకి వివాహమే ఉపనయనమన్నాడు, భర్త సేవే గురుకులవాసమన్నాడు, ఇంటిపనే అగ్నికార్యమన్నాడు. ఆమెకు వేరే యజ్ఞం లేదు, వేరే వ్రతం లేదు. భార్యకూ కొడుక్కూ దాసుడికీ సొంత ఆస్తి లేదనీ, వాళ్లు సంపాదించింది తమ యజమానికే చెందుతుందనీ చెప్పాడు. అంటే ధర్మం భర్త ద్వారా, అర్థం భర్తది, మోక్షం మాట దేవుడెరుగు, స్వర్గం కూడా భర్త ద్వారానే. వాత్స్యాయనుడు కాస్త నయం. స్త్రీలకు శాస్త్రం పనికిరాదన్న వాళ్లతో వాదించి, కామశాస్త్రం వాళ్లూ నేర్చుకోవచ్చన్నాడు. కాని పెళ్లయిన తర్వాత నేర్చుకోవాలంటే మొగుడి అనుమతి ఉండాలన్నాడు!

ఆపస్తంబుడి మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రానికి చెందినవాళ్లే. ఆ ధర్మసూత్రం భార్యాభర్తల మధ్య పంపకం లేదంటుంది. కర్మల్లో, వాటి ఫలంలో, ధనార్జనలో ఇద్దరూ కలిసే ఉంటారు కనుక వాటాలు వేయడానికి లేదని దాని వాదన. భర్త ఊళ్లో లేనప్పుడు సందర్భం వచ్చి ఆమె ఏదైనా ఇస్తే అది దొంగతనం కాదని కూడా అంటుంది. ఎంత ఉదారమైన వాక్యమో అనిపిస్తుంది. కాని ఇంట్లో ఉన్నది ఇంట్లో మనిషి తీసి ఇస్తే 'దొంగతనం కాదు' అని ఒక శాస్త్రం రాయవలసి వచ్చిందంటే, దొంగతనమని అనేవాళ్లు ఉన్నారనే కదా. ఇద్దరిదీ ఒకటే ఆస్తి అన్న మాట ఎప్పుడూ ఒకరి చేతిలోనే ముగుస్తుంది. విడిపోయే రోజు వచ్చినప్పుడు ఆ 'ఒకటి' ఎవరి పేరున ఉందో బయటపడుతుంది. కౌన్సెలింగ్ గదుల్లో కూర్చున్న వాళ్లెవరికీ ఇది కొత్త కాదు.

బృహదారణ్యకోపనిషత్తులో ఒక కథ ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ప్రాచీన భారతంలో స్త్రీ ఎంత గొప్ప స్థానంలో ఉండేదో చెప్పడానికి దీన్ని చూపిస్తారు. యాజ్ఞవల్క్యుడికి ఇద్దరు భార్యలు, మైత్రేయి, కాత్యాయని. ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోతూ ఆస్తిని ఇద్దరికీ పంచుతానంటాడు. ఈ సంపదతో నాకు అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదంటాడు. ఐతే నాకది వద్దు, మీకు తెలిసిన జ్ఞానం చెప్పండి అంటుంది. ఆ తర్వాత జరిగే సంభాషణ నిజంగానే గొప్పది. మైత్రేయి మీద నాకు గౌరవం ఉంది. నన్ను ఎప్పుడూ ఆపేది రెండో ఆమె. కాత్యాయని గురించి ఉపనిషత్తు ఒక్క ముక్క మాత్రం చెప్తుంది, ఆమెకు ఉన్నది ఆడవాళ్లకుండే తెలివి మాత్రమేనని. ఆమె ఏం అడిగిందో, ఎంత వాటా వచ్చిందో, మొగుడు అడవికి పోయాక ఆ ఇల్లూ గొడ్లూ ఎవరు చూసుకున్నారో ఎక్కడా లేదు. మోక్షానికి పోయేవాడి వెనక పాలు పితికి, గింజలు దాచి, ఇల్లు నిలబెట్టే మనిషి ఒకరు ఉండాలి. ఆమె తెలివిని 'ఆడ తెలివి' అని పక్కకు నెట్టి, ఆస్తి వద్దన్న ఆమెను మనకు ఆదర్శం చేశారు.

ఈ ఆదర్శం ఇప్పటికీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పనిచేస్తోంది. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టడానికి వచ్చే అక్కచెల్లెళ్లకు వాళ్లవాళ్లు చెప్పే మాటలు గుర్తుచేసుకోండి. "డబ్బుదేముందమ్మా, పుట్టిల్లు ఉంటే చాలదా?" "రేపు పండక్కి గడప తొక్కద్దా?" "నీకు కట్నం ఇచ్చాం కదా." వేదాంతమూ బెదిరింపూ ఇంత దగ్గరగా ఉండే సందర్భం మరొకటి కనబడదు.

ఆస్తి విషయంలో తెలుగు నేల చరిత్ర చిన్నదేం కాదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. పదకొండో శతాబ్దం చివర, పన్నెండో శతాబ్దం మొదట్లో కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షరం రాశాడు. స్త్రీధనమంటే పెళ్లిలో వచ్చిన కానుకలు మాత్రమే కాదనీ, వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో వచ్చింది కూడా స్త్రీధనమేననీ అర్థాన్ని పెంచాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలం వాడైన కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు భాషలో న్యాయశాస్త్రం అంత పాతది. తమాషా ఏమిటంటే, హిందువులకు వాళ్ల శాస్త్రాన్నే వర్తింపజేస్తున్నామన్న బ్రిటిష్ కోర్టులు, చివరికి ప్రివీ కౌన్సిల్ కూడా, ఈ విశాలమైన అర్థాన్ని ఒప్పుకోలేదు. విధవకు భర్త ఆస్తి వచ్చినా బతికినన్నాళ్లు తినడానికే, అమ్ముకోవడానికి కాదన్నాయి. 1937 చట్టం విధవకు వాటా ఇచ్చి, ఆ పరిమితిని అలాగే ఉంచింది. శాస్త్రంలో ఉన్న కాస్త వెసులుబాటును వలస పాలన తీసేస్తే, ఆ తీసేసినదాన్నే మన పెద్దమనుషులు సనాతనమని కాపాడుకొచ్చారు.

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. మార్చిందని కాగితం మీద చదవడం వేరు, అనుభవంలోకి రావడం వేరు. వడ్డెబోయిన తులశమ్మ కేసు చూడండి. భర్త ఉమ్మడి కుటుంబంలో ఉండగానే 1931లో చనిపోయాడు. మనోవర్తి కోసం ఆమె 1944లో నెల్లూరులో దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకిచ్చారు, బతికినన్నాళ్లు అనుభవించడానికి మాత్రమే, అమ్మే హక్కు లేకుండా. కొత్త చట్టం వచ్చాక 1960-61లో ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మింది. భర్త సవతి సోదరుడు శేషారెడ్డి కోర్టుకెక్కాడు. హైకోర్టు ఆమెకు వ్యతిరేకంగా చెప్పింది. 1977 మార్చిలో సుప్రీంకోర్టు, మనోవర్తి అనేది దయాదానం కాదనీ, అది ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కనీ, దానికి బదులుగా వచ్చిన ఆస్తి సంపూర్ణంగా ఆమెదేననీ తీర్పు చెప్పింది. 1944 నుంచి 1977 దాకా, 33 ఏళ్లు. దేశమంతటా లాయర్లు 'తులశమ్మ కేసు' అని ఉదహరిస్తారు. అర్థమనే పురుషార్థం మీద తెలుగు స్త్రీ రాసిన వ్యాఖ్యానం నాకు తెలిసినంతలో ఇంతకంటే పెద్దది లేదు. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఆ తర్వాతి దశ మీకు తెలుసు. 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకులతో సమానమైన హక్కు వచ్చింది. కూతుళ్లను ఆ విధంగా సమభాగస్వాములను చేసిన మొదటి రాష్ట్రం మనదే. కాని ఆ తేదీకి పెళ్లైపోయిన వాళ్లకు వర్తించదన్నారు. పెళ్లి అనేది ఆడపిల్లను ఒక ఖాతాలోంచి కొట్టేసి ఇంకో ఖాతాలో రాయడమనే నమ్మకం అంత ముందడుగు వేసిన చట్టంలో కూడా మిగిలింది. 2005 సెప్టెంబర్ 9న కేంద్ర చట్ట సవరణతో ఆ తేడా పోయింది. అప్పటికి తండ్రి బతికి ఉండనక్కర లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఐతే 2004 డిసెంబర్ 20కి ముందు సక్రమంగా జరిగిన పంపకాలను తిరగదోడడానికి లేదు. ఆ తేదీకి ముందే పంచుకున్నామని ఎవరైనా నోటిమాటగా చెప్తే నమ్మకుండా కాగితం అడగాలని మన కార్యకర్తలకు గట్టిగా చెప్పాలి.

చట్టానికీ ఆచారానికీ మధ్య 'పసుపు కుంకుమ' ఉంది. కూతురి పెళ్లిలో ఆ పేరుతో ఎకరమో అరెకరమో ఇవ్వడం కోస్తాలోనూ తెలంగాణలోనూ పాత అలవాటు. చాలాసార్లు నోటిమాటే. పట్టా తండ్రి పేరునే ఉంటుంది, తర్వాత అన్న పేరుకు మారుతుంది. వీటి మీద తగాదాలు హైకోర్టు దాకా వెళ్లాయి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొదుపు సంఘాల స్త్రీలకు తలా పదివేల రూపాయలిచ్చి ఆ పథకానికి పెట్టిన పేరు కూడా 'పసుపు-కుంకుమ'. ముఖ్యమంత్రి అన్న, సంఘం సభ్యురాలు చెల్లెలు! పైసా పైసా పొదుపు చేసి, బ్యాంకు అప్పు వడ్డీతో సహా తీర్చిన స్త్రీకి ప్రభుత్వం సొమ్ము పుట్టింటి కానుకగా చేరింది. దాని పేరు హక్కు ఎందుకు కాలేదో మన సంఘాల్లో అడిగినవాళ్లు తక్కువ.

కామం దగ్గరకు వస్తే తెలుగులో ఆ మాటకున్న గతి చూడండి. శాస్త్రంలో అది పురుషార్థం; పత్రికల్లో 'కామాంధుడు', 'కామపిశాచి'. మగవాడి నేరానికి తప్ప వాడుకలో లేని మాట. ఆడదానికి కోరిక ఉందని చెప్పడానికి మర్యాదైన మాటే మిగల్లేదు. కోరిక ఉండడం సంగతి అలా ఉంచి, కోరిక లేదని చెప్పే హక్కు గురించి ఇదే రాష్ట్రంలో ఒక గొప్ప తీర్పు వచ్చింది. సినీనటి టి. సరిత భర్త, తన భార్య తనతో కాపురానికి రావాలని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కడప కోర్టుకు వెళ్లాడు. కేసు కడపలో నడపవచ్చా లేదా అన్న ప్రశ్నతో హైకోర్టుకు వచ్చింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. మనసు లేని స్త్రీని కోర్టు ఉత్తర్వుతో పడకగదికి పంపడం ఆమె శరీరం మీద రాజ్యం చేసే దౌర్జన్యమనీ, రాజ్యాంగం ఇచ్చిన సమానత్వ హక్కుకూ జీవించే హక్కుకూ విరుద్ధమనీ అన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో 9వ సెక్షన్ సక్రమమేనంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా, భార్యకు పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే భర్త చేసేది అత్యాచారం కాదన్న పాత మినహాయింపును కొత్త నెంబరు కింద అలాగే ఉంచింది. పేరుకు వలస చట్టాలను వదిలించుకున్నామన్నారు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు జడ్జి మాథ్యూ హేల్ నుంచి వచ్చిన ఆ వాదనను మాత్రం భారతీయ కుటుంబం పేరుతో కాపాడుకున్నారు. కామంలో అతిక్రమించనన్న ప్రమాణం ఈ వాదోపవాదాల్లో ఎక్కడ పోయింది?

నాలుగు పురుషార్థాలనూ తనకు తానుగా సాధించుకున్న తెలుగు స్త్రీ ఎవరని అడిగితే నాకు బెంగుళూరు నాగరత్నమ్మ గుర్తొస్తారు. దేవదాసీ కుటుంబంలో పుట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి 1910లో ముద్రింపించారు. స్త్రీల చదువు కోసం, వితంతువుల పెళ్లిళ్ల కోసం అంత పాటుపడ్డ వీరేశలింగం పంతులుగారు ముద్దుపళనిని సిగ్గులేని మనిషిగా తీసిపారేశారు. ఇదే శృంగారం మగకవులు రాస్తే లేని అభ్యంతరం ఈమెకెందుకని నాగరత్నమ్మ నిలదీశారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో 1947లో గాని నిషేధం పోలేదు. ఆమె తన సంపాదన ఖర్చుపెట్టి తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించారు. ఆ ఆరాధనలో స్త్రీలు పాడడానికి వీల్లేదంటే పోరాడి సాధించారు. 1952లో చనిపోయాక ఆమె సమాధి ఆ గుడి ఎదుటే అయింది. ఆస్తి ఆమె పేరున ఉంది కాబట్టి గుడి కట్టగలిగారు. ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటెయ్యకూడదు. సొంత ఆస్తి, చదువు, సంగీతం ఉన్న ఆ స్త్రీలకు 'ధర్మపత్ని' హోదా లేదు. ఆ హోదా ఉన్న ఇల్లాళ్లకు మిగిలినవేవీ లేవు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాల్సిందే. అదే ఆచారం దళిత ఆడపిల్లల దగ్గరకు వచ్చేసరికి జోగినీ వ్యవస్థ అయింది. వాళ్లకు ఆస్తీ లేదు, గౌరవమూ లేదు. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చాక కూడా వాళ్ల కోసం పనిచేయవలసి వస్తూనే ఉంది. కనుక నాగరత్నమ్మను చూపించి దేవదాసీ వ్యవస్థను పొగిడేవాళ్లతో మనకు పేచీయే.

ధర్మం గురించి ఎక్కువ చెప్పక్కరలేదు, మనం రోజూ వింటున్నదే. సర్దుకుపోవడం. మన కేంద్రాల్లో కూడా 'కాపురం నిలబెట్టాం' అన్నది విజయాల జాబితాలో మొదట రాస్తున్నాం. నిధులిచ్చేవాళ్లకు పంపే నివేదికల్లో రాజీ కుదిర్చిన కేసులకు ఒక గడి ఉంటుంది. రాజీ తర్వాత ఆరు నెలలకు ఆమె ఎలా ఉందో రాయడానికి గడి ఉండదు. ఇది శాస్త్రకారుడి దోషం కాదు.

మోక్షం మాట తెలుగులో బాగా బతికే ఉంది, 'ఈ ఫైలుకి మోక్షమెప్పుడు' అని. స్త్రీల మోక్షానికీ దానికీ పోలిక లేకపోలేదు. తరిగొండ వెంగమాంబ పద్దెనిమిదో శతాబ్దంలో చిన్నవయసులోనే విధవరాలైంది. తల గొరిగించుకోవడానికి, బొట్టు తీసేయడానికి ఒప్పుకోలేదని, ఊళ్లో వేధింపులు పడలేక తిరుమల చేరిందని ఆమె కథ చెప్తుంది. అక్కడ కూర్చుని కావ్యాలు రాసింది, యోగశాస్త్రం రాసింది. ఇవాళ తిరుమలలో రోజూ వేలమంది అన్నం తినే భవనానికి ఆమె పేరే. ఆమె దేవుడి దగ్గరకు వెళ్లిందనడం ఎంత నిజమో, ఊరి నుంచి బయటపడిందనడం అంత నిజం. భక్తి ఆమెకు ఇల్లు వదిలే దారి అయింది. అప్పట్లో షెల్టర్ హోములు లేవు.

అందరు స్త్రీలకూ ఈ నాలుగు మెట్ల లెక్కతో పని లేదని కూడా ఒప్పుకోవాలి. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి గుడికి బోనమెత్తుకుని వచ్చే స్త్రీలకు మంత్రమూ పురోహితుడూ మధ్యలో అక్కరలేదు. వాళ్లు మోక్షం అడగరు. వానలు, పిల్లల ఆరోగ్యం, ఇంట్లో నెమ్మది అడుగుతారు. మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి ఏడాది ఎలా ఉంటుందో చెప్పే గొంతు ఒక స్త్రీదే. ఆ రోజు మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. మిగిలిన రోజుల్లో ఎవరు వింటున్నారన్నది వేరే ప్రశ్న.

పురుషార్థాలను మనం తిరగరాసుకోవాలా, పక్కన పెట్టాలా అని మనలో వాదన ఉంది. శాస్త్రంలో మనకు అనుకూలమైన వాక్యాలు ఏరి చూపించే పనిలో నాకు నమ్మకం తక్కువ. ఆపస్తంబుడు తన గ్రంథం చివర, మిగిలిన ధర్మాలు స్త్రీల దగ్గరా అన్ని వర్ణాల దగ్గరా తెలుసుకోవాలన్న అభిప్రాయాన్ని చెప్పాడు. మంచిదే. కాని తులశమ్మ గెలిచింది ఆ వాక్యం చూపించి కాదు. సుప్రీంకోర్టు శాస్త్రాన్ని ఉదహరించిన మాట నిజమే, చేతిలో 14వ సెక్షన్ లేకపోతే ఆ ఉదహరింపులు ఆమెకు సెంటు భూమి తెచ్చిపెట్టేవి కావు.

ప్రస్తుతానికి మన ముందున్న పని చిన్నది, విసుగైనది. తెలంగాణలో భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి. మార్పు జరిగిన ప్రతిసారీ కొన్ని పేర్లు జారిపోతాయి. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే వెళ్లింది. పొలంలో నాట్లేసి కలుపు తీసిన వాళ్లకు కాదు. ఆత్మహత్య చేసుకున్న రైతు పట్టా తండ్రి పేరున ఉంటే, అతని భార్య రైతు భార్య కూడా కాలేకపోయింది. వచ్చే మూడు నెలల్లో గ్రామ సంఘాల సమావేశాలకు వెళ్లే మిత్రులు దయచేసి మూడు ప్రశ్నలు అడిగి రాసుకురండి. మీ నాన్నగారు పోయాక విరాసత్ కోసం ఇచ్చిన కుటుంబ సభ్యుల జాబితాలో మీ పేరు ఉందా? హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టారా, పెడితే ఆ కాగితం మీకు చదివి వినిపించారా? పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి ఇవాళ ఎవరి పేరున ఉంది? పేర్లు అక్కర్లేదు, మండలం రాస్తే చాలు. మీరు పంపినవి వచ్చే సంచికలో వేస్తాం.